పక్కవాడి వేడి

ప్రయోగం మొదలవకముందే ఓబులేసుకు కల్నల్ శేషగిరితో రెండుసార్లు మాటా మాటా వచ్చింది. మొదటిసారి పద్నాలుగు రోజుల గురించి. రెండోసారి వాపసు గురించి. రెండుసార్లూ ఓబులేసే ఓడిపోయాడు.

ఎర్రబండ శిక్షణ శిబిరం చుట్టూ కొండలు, మధ్యలో గిన్నెలాంటి నేల. మే నెలలో పొద్దున తొమ్మిదికే అక్కడ రాతి మీద చెయ్యి పెట్టలేం. కొండదళంలో చేరిన కుర్రాళ్ళు ఆ గిన్నె అంచు వెంబడి, వీపున ఇరవై కిలోల మూటతో, రెండు గంటల్లో పన్నెండు కిలోమీటర్లు పరుగెత్తాలి. ఏటా ఒకరో ఇద్దరో పడిపోతారు. నిరుడు పడ్డవాడు లేవలేదు. అందుకే ప్రయోగశాల ఓబులేసును ఇక్కడికి పంపింది. ముప్పై ఏళ్ళుగా ఆయన పని పరికరాలు చేయడమే.

"కొత్త ఎండకు ఒళ్ళు అలవాటు పడాలంటే పద్నాలుగు రోజులు కావాలి సార్," అన్నాడు మొదటిసారి.

"తొమ్మిది ఇస్తాను," అన్నాడు కల్నల్.

"మీ ఆర్డరు ఒంటికి తెలీదు సార్."

"మీరు పరికరాల మనిషి. పరికరం సంగతి చూడండి."

రెండోది ఇంకా మొండి సంగతి. శిబిరంలో కుర్రాళ్ళను ఇద్దరిద్దరిగా జోడీలు కడతారు. పరుగులో ఒకడు చెయ్యెత్తి ఆగితే జోడీ మొత్తం తర్వాతి బ్యాచికి పోవాలి. దాన్ని వాపసు అంటారు. మూడుసార్లు వాపసు పోయినవాడు పెట్టె సర్దుకుని ఇంటికి. ప్రయోగం నడిచే నెలరోజులైనా ఆ నియమం పక్కన పెట్టమన్నాడు ఓబులేసు.

"నియమం తీసేస్తే ప్రతివాడూ చెయ్యెత్తుతాడు," అన్నాడు కల్నల్.

"ఎత్తనీండి సార్. ఎందుకు ఎత్తినాడో తెలుస్తుంది."

కల్నల్ ఫైలు మూసేశాడు. ఆయన ఫైలు మూస్తే మాట అయిపోయినట్టే.

*

ప్రయోగం ఓబులేసు తయారు చేసిన పట్టీ మీద. అది పని చేసే తీరు చెప్పడం తేలిక. ఛాతీ మీద అతికించిన బిళ్ళ చెమటనూ గుండె వేగాన్నీ చర్మం వేడినీ చూసి, లోపలి వేడి ఎంతో లెక్క కడుతుంది. మణికట్టుకు కట్టుకున్న పట్టీ ఆ లెక్క ప్రకారం వేడెక్కుతుంది. అయితే ఒకడి ఛాతీ బిళ్ళ వాడి సొంత పట్టీని వేడెక్కించదు. వాడి జోడీ పట్టీని వేడెక్కిస్తుంది.

ప్రయోగశాలలో ఓబులేసుకు పై అధికారి డాక్టర్ ఇందుమతి. ఆయనకంటే ఇరవై ఏళ్ళు చిన్నది. మొదట్లో ఆమే అడిగింది, మామూలుగా ఓ గంట మోగితే సరిపోదా అని.

"మోగించి చూసినాం మేడం, ఇంకో శిబిరంలో. నిరుడు. గంట మోగితే పరికరం చెడిపోయిందన్నారు. కుర్రాళ్ళు గుడ్డలు కుక్కినారు. తెర మీద అంకె చూపిస్తే ఆఫీసర్లు అంకెతో వాదించినారు. ఎండదెబ్బ తగిలేవాడికి ముందు పోయేది బుద్ధే. బాగున్నాననే చెప్తాడు. పక్కవాడి బుద్ధి బాగానే ఉంటుంది కదా. వాడికి తెలియాల."

నలభై మందిని వరసగా నిలబెట్టి పట్టీలు కట్టారు. ఉస్తాద్ గఫూర్ తనూ ఒకటి కట్టుకుని, వేడి పెంచమన్నాడు. గఫూర్ పరుగులు నేర్పే హవల్దారు, విజిల్ ఆయన మెడలోనే ఉంటుంది. పదిహేనేళ్ళుగా ఓబులేసుకు తెలిసినవాడు.

"ఓబులేసన్నా, నా పెండ్లాం కోపంగా చెయ్యి పట్టుకున్నా ఇంత కాలదు," అన్నాడు పట్టీ లాగేస్తూ.

కుర్రాళ్ళు నవ్వారు.

"ఏం రా, పండ్లు కనపడతాండాయి? రేపు కొండ మీద నవ్వండి చూస్తా."

అప్పుడు కల్నల్ ముందుకొచ్చి నాలుగు మాటలు చెప్పాడు. ఆయనకు మాట్లాడ్డం ఇష్టం.

"ఈ రోజు నుంచి మీ జోడీ వేడి మీ వేడి. పంచుకోండి. పంచుకునేవాడే సైనికుడు."

చప్పట్లు కొట్టారు. ఓబులేసు ఆ మాట విన్నాడు. పంచుకోవడం కాదు, తెలుసుకోవడం అని దిద్దాలనుకున్నాడు. అన్నాల వేళ దాటిపోతోంది, ఎండ నెత్తికెక్కింది, ఎలాగూ తన మాట సాగడం లేదు. ఊరుకున్నాడు.

*

పట్టీతో పాటు ఓ కాగితం కూడా తయారు చేశాడాయన. రోజూ పొద్దున పరుగుకు ముందు ప్రతివాడూ దాన్ని నింపాలి. రాత్రి నిద్ర తక్కువైతే రెండు మార్కులు. విరేచనాలైనా జ్వరమైనా మూడు. జలుబు మాత్ర వేసుకుంటే రెండు, అది చెమటను ఆపుతుంది కనుక. ఒళ్ళు బరువైతే రెండు. ఇదివరకు ఎండదెబ్బ తగిలి ఉంటే నాలుగు. మార్కులు పెరిగేకొద్దీ ప్రమాదం పెరిగినట్టు.

ఆఖరి గడి సొంత ఊరు. చల్లటి ప్రాంతం వాడికి రెండు మార్కులు ఎక్కువ. ఎండ ప్రాంతం వాడికి రెండు తగ్గింపు.

"ఈ తగ్గింపుకు ఆధారం ఏమిటండీ?" అంది ఇందుమతి.

"నేనే ఆధారం మేడం. ముద్దనూరు పక్కన పుట్టినా. చెప్పుల్లేకుండా బడికి పోయినా."

ఆమె నవ్వి ఊరుకుంది. ఊరుకోకుండా ఉండాల్సింది. చదువుకున్న మనిషి, గట్టిగా అడగాల్సింది. కానీ ఆ గడి గీసింది ఆమె కాదు.

కాగితాలు రోజూ వచ్చేవి. నలభై కాగితాల్లోనూ ఒకే మాట, లేదు, లేదు, లేదు. నిద్ర తక్కువైనవాడు లేడు. కడుపు చెడినవాడు లేడు. మెస్సులో వంటవాళ్ళు మాత్రం ముగ్గురు విరేచనాలతో సెలవులో ఉన్నారు. వాళ్ళు వండిందే కుర్రాళ్ళూ తిన్నారు.

"గఫూర్, వీళ్ళలో ఒక్కడికైనా కడుపు నొప్పి రాదా?"

"వస్తుందన్నా. రాయడానికే రాదు. మార్కులెక్కువైతే పరుగు ఆపుతారు, పరుగు ఆపితే వాపసు. నేనైనా రాయను."

*

క్వార్టర్లో ఓబులేసు ఒక్కడే. సాయంత్రం సంగటి కెలుక్కుని, వేరుశనగ పచ్చడితో తినేవాడు. సుబ్బరత్న పోయి మూడేళ్ళు. సంగటి ఇంకా ఆమె చేసినంత గట్టిగా రాదు.

పట్టీ ఆలోచన ఆమెదే. చాలా ఏళ్ళ కిందట ఒకసారి ఆయన జ్వరంతో ఆఫీసుకు బయలుదేరాడు. బాగున్నానన్నాడు. ఆమె మెడ వెనక చెయ్యి పెట్టి చూసి, చొక్కా విప్పించి పడుకోబెట్టింది.

"నీకు తెలీదులే. నా చేతికి తెలుస్తాంది," అంది.

అంతే. ఆ మాటకే ఆయన ఇరవై ఏళ్ళ తర్వాత ఛాతీ బిళ్ళా మణికట్టు పట్టీ చేశాడు. ఆమె చూడలేదు. మూడేళ్ళ కిందట మే నెలలో, నాలుగు రోజులు విరేచనాలైన ఒంటితో, ఊళ్ళో కళ్ళానికి పోయి పని చేసి, ఎండదెబ్బకు పోయింది. ఓబులేసు ఆ వారం ప్రయోగశాలలో ముప్పై మంది ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఒంటి వేడి కొలుస్తున్నాడు. ఫోనులో అడిగాడు, ఎట్లుండావని.

"బాగుండా," అంది.

నమ్మాడు. ఆ తర్వాత ఆయన ఎవరినీ నమ్మలేదు, తనను మాత్రం నమ్ముకున్నాడు. అది ఇంకా పెద్ద తప్పు.

*

పదో రోజు పూర్తి మూటతో మొదటి పరుగు.

ఎనిమిదో కిలోమీటరు దగ్గర నీళ్ళ డ్రమ్ములు పెట్టి, జీపు పక్కన కూర్చున్నాడు ఓబులేసు. ఐసు నింపిన రెండు తొట్లు కూడా అక్కడే ఉండాలని రాసిచ్చాడు. తొట్లు రాలేదు. హెడ్‌క్వార్టర్స్ నుంచి అతిథులు వస్తున్నారట, తొట్లు గేటు దగ్గర షామియానా కింద ఉన్నాయి. వాటిలో మజ్జిగ సీసాలు, కూల్‌డ్రింకులు ముంచి పెట్టారు. పొద్దున్నే మూడుసార్లు ఫోను చేశాడు. మూడుసార్లూ పంపిస్తున్నామన్నారు.

చేతిలో కంప్యూటర్ పలక ఉంది. కుర్రాళ్ళు దగ్గరికొస్తే వాళ్ళ వేడి దాని మీద కనిపిస్తుంది. కొండ అవతల సిగ్నలు ఉండదు, అక్కడ జోడీకి జోడీయే దిక్కు. తెర మీద పదిమంది పేర్లు పడతాయి, కాగితంలో మార్కులు ఎక్కువున్నవాళ్ళవి. మిగతా ముప్పై పేర్లూ కింద ఉంటాయి. వేలితో పైకి తోస్తే కనిపిస్తాయి.

ఆయన కన్ను పాంగి సుందర్రావు మీద ఉంది. పాడేరు కొండల కుర్రాడు. మంచు పడే ఊరు, ఎండ ఎరగని ఒళ్ళు. మూడో రోజు చిన్న పరుగులోనే వేడెక్కాడు. అతని జోడీ బోయ మద్దిలేటి. కర్నూలు వైపు రాళ్ళ గనుల ఊరు వాడిది. నల్లగా, ఇనుపకడ్డీలా ఉంటాడు. కాగితంలో వాడి మార్కులు సున్నాకంటే రెండు తక్కువ. జోడీ కట్టినప్పుడు గఫూర్ అన్నాడు, నిప్పునూ నీళ్ళనూ కలిపినామని.

ఎనిమిదో కిలోమీటరుకు ఆ ఇద్దరూ వచ్చారు. సుందర్రావు వేడి ముప్పై ఎనిమిదిన్నర. బాగుంది. ఓబులేసు ఊపిరి పీల్చుకున్నాడు. సుందర్రావు కుడిచేత్తో నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. ఎడమ చెయ్యి ఒంటికి ఆనించి పెట్టుకున్నాడు.

మద్దిలేటి సగం గ్లాసు తాగి, సగం నేల మీద పోశాడు.

"ఏమప్పా, ఎట్లుండావ్?"

"బాగుండా సార్," అని నవ్వాడు.

ఆ మాట విని కూడా ఓబులేసు వేలితో తెర పైకి తోయలేదు. ఎండలో పుట్టిన పిల్లోడు అనుకున్నాడు. తనలాంటివాడు.

తొమ్మిదిన్నర కిలోమీటర్ల దగ్గర పొడుగ్గా విజిల్ వినిపించింది. జీపు పోయేసరికి మద్దిలేటి నేల మీద ఉన్నాడు. సుందర్రావు ఇద్దరి మూటలూ పక్కన పడేసి వాడి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. మద్దిలేటి కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎవర్నీ చూడడం లేదు. అమ్మను కాదు, ఎద్దును పిలుస్తున్నాడు. హో, హో అంటున్నాడు. లోపలి వేడి నలభై రెండు.

వెనకే వచ్చిన అంబులెన్సువాళ్ళు స్ట్రెచరు దించారు.

"ఆసుపత్రికి నలభై నిమిషాలు. ఎక్కించండి," అన్నాడు డ్రైవరు.

"ఎక్కిస్తే దోవలోనే పోతాడు. ముందు చల్లబరచాల. తర్వాతే మోసేది," అన్నాడు ఓబులేసు. "గఫూర్, నీళ్ళు యాడుండాయి?"

బోరు దగ్గర మేకలకు నీళ్ళు పట్టే సిమెంటు తొట్టి ఉంది. వందగజాలు. నలుగురు మోసుకుపోయి, బూట్లతో సహా అందులో దించారు. మేకలు చెదిరిపోయాయి. బోరు నీళ్ళు తల మీద పారుతుంటే ఓబులేసు ఒక చేత్తో వాడి గడ్డం పట్టుకుని, ఇంకో చేత్తో మెడ వెనక పట్టుకుని కూర్చున్నాడు. మెడ కాలుతోంది. మూడేళ్ళు ఆలస్యంగా ఆయన చెయ్యి ఒక మెడ వెనక పడింది.

ఐసు ఉంటే పది నిమిషాల పని. బోరు నీళ్ళతో ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. ముప్పై తొమ్మిదికి దిగాక ఎక్కించారు.

గేటు దాటుతున్నప్పుడు షామియానా కింద అతిథులు మజ్జిగ తాగుతూ కనిపించారు.

*

మద్దిలేటి బతికాడు. నాలుగో రోజు కళ్ళు నిలిపి చూశాడు. అయిదో రోజు నీళ్ళడిగాడు. మాట ముద్దగా వచ్చింది, తాగినవాడి మాటలా. గ్లాసు ఇస్తే చెయ్యి నోటి దాకా పోలేదు, చెవి వైపు పోయింది. నీళ్ళు దిండు మీద పడ్డాయి. మెదడులో ఒక భాగం వేడికి దెబ్బతిందని, కొంత తిరిగి రావచ్చు, కొంత రాదని డాక్టరు చెప్పాడు. ఎంత వస్తుందో చెప్పలేదు.

వాళ్ళమ్మ వరండాలో కూర్చుని ఉంది. ఓబులేసును చూసి లేచి నిలబడింది.

"మాది ఎండలో పుట్టిన పిల్లోడు సార్. బండలు కొట్టినోడు. వానికి ఎండేం చేస్తాది? ఇంకేందో అయింటాది, సరిగా చూడమను సార్."

తన కాగితం, తన ఆఖరి గడి, ఆ తల్లి నోట్లోంచి వచ్చాయి. ఓబులేసు ఊరికే టీ తాగడానికి పోయాడు.

ఏం జరిగిందో ఆరా తీస్తే అంతా తేలింది. ప్రయోగానికి ముందు ఇరవై రోజులు మద్దిలేటి శిబిరంలోనే లేడు. వాడి చేతిరాత బాగుంటుందని, టైపు కూడా వచ్చని, హెడ్‌క్వార్టర్స్‌లో రికార్డులు ఎక్కించడానికి తీసుకుపోయారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏసీ గది. ఎండకు అలవాటు పడ్డ ఒళ్ళు ఆ ఇరవై రోజుల్లో అలవాటు మరిచిపోయింది. పుట్టిన ఊరు ఒంటికి గుర్తుండదు. తిరిగొచ్చిన మర్నాడే పట్టీ కట్టారు, తొమ్మిది రోజులు వాడి ఒంటికి చాలలేదు. పరుగుకు ముందురోజు అయిదుసార్లు విరేచనాలు. ఏసీకి పట్టిన జలుబుకు రెండు మాత్రలు. కాగితంలో అన్నిటికీ లేదు అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు.

అవన్నీ మద్దిలేటి దాచినవి. ఓబులేసుకు అందుబాటులో ఉన్నది ఒక్కటే, తెర మీద వేలు. అది ఆయన కదపలేదు.

ఇక పట్టీ లోపలి లెక్క. సుందర్రావు మణికట్టు పట్టీ ఏడో కిలోమీటరు దగ్గర వేడెక్కడం మొదలైంది. పై హద్దుకు చేరి, అక్కడే ఇరవై రెండు నిమిషాలు ఉంది. ఆ హద్దు పెట్టింది ఓబులేసే. ఎవడైనా రెండు నిమిషాల్లో చెయ్యెత్తుతాడన్న లెక్కతో పెట్టాడు. ఇరవై రెండు నిమిషాలు ఉంచుకునేవాడు ఒకడు ఉంటాడని ఆయనకు తట్టలేదు.

నీళ్ళ డ్రమ్ముల దగ్గర, ఆయన ఎదురుగా, ఆ పట్టీ కాలుతూనే ఉంది.

*

సుందర్రావును గార్డు గదిలో ఉంచారు. మణికట్టు చుట్టూ గాజు తొడిగినట్టు బొబ్బ. దాని మీద ఎవరో పసుపు రాశారు.

"చెయ్యి ఎందుకు ఎత్తలేదు?" అన్నాడు ఓబులేసు.

"ఎత్తితే వాపసు కదా సార్. వాడికిది మూడోది. నన్ను బతిమాలాడు. గనికి మళ్ళీ పోలేనురా అన్నాడు."

"వేడి తగల్లేదా?"

"తగిలింది సార్. ఏడో కిలోమీటరు కాడ్నించీ."

"మరి?"

కుర్రాడు తల వంచుకున్నాడు. చెప్పడానికి సిగ్గుపడుతున్నట్టున్నాడు.

"నాను ఓర్చుకున్నంతసేపూ వాడికి కొంచెం తగ్గుతాదనుకున్నాను సార్."

ఓబులేసు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఎవరు చెప్పినారు నీకు?"

"కల్నల్ సార్ చెప్పారు కదా. పంచుకోండని. మీరూ పక్కనే ఉన్నారు. బారెక్‌లో అందరం అలాగే అనుకున్నాం సార్. మూడో రోజు నాకొచ్చింది కదా. అప్పుడు వాడు ఆరు నిమిషాలు ఓర్చుకున్నాడు. నాకు తగ్గింది."

మూడో రోజు ఆ పరుగులో ఆరు నిమిషాల తర్వాత దిగుడు దోవ వచ్చింది. అందుకే తగ్గింది. కుర్రాళ్ళకు మాత్రం అది పట్టీ మహిమ. ఆ సాయంత్రం నుంచే బారెక్‌లో లెక్కలు మొదలయ్యాయి, ఎవడు జోడీ కోసం ఎంతసేపు ఓర్చాడని. తొందరగా చెయ్యి విదిలించినవాడికి అత్తగారి అల్లుడని పేరు పెట్టారు.

"ఏటి సార్, అది అలా కాదా?" అన్నాడు సుందర్రావు.

ఓబులేసు లేచి బయటికి పోయాడు. అతని మీద కోపం కాదు. ఎవరి మీద కోపపడాలో ఆ గదిలో తేలలేదు.

*

విచారణ బోర్డులో ముగ్గురు. కల్నల్ శేషగిరి, ఇందుమతి, హెడ్‌క్వార్టర్స్ నుంచి వచ్చిన ఒక అధికారి. నివేదిక ముందే టైపు చేసి ఉంది. పరికరం సక్రమంగా పనిచేసింది. జోడీ సుందర్రావు తెలిసీ నిర్లక్ష్యం చేశాడు, అతన్ని దళం నుంచి తొలగించాలి. జూన్‌లో ఆరువందల జతల పట్టీలు మిగతా శిబిరాలకు పంపాలి. కింద ఓబులేసు సంతకానికి ఖాళీ.

"సంతకం చేసే ముందు చిన్న పరీక్ష సార్," అన్నాడు ఓబులేసు.

మూడు పట్టీలు బల్ల మీద పెట్టాడు. ఆ రోజు సుందర్రావు మణికట్టుకు తగిలిన వేడినే మళ్ళీ అదే వరసలో వచ్చేటట్టు చేశానన్నాడు. ఇరవై రెండు నిమిషాలు. హెడ్‌క్వార్టర్స్ అధికారి సరదాగా చెయ్యి చాపాడు. మిగతా ఇద్దరూ చాపక తప్పలేదు.

నాలుగో నిమిషంలో ఆ అధికారి పట్టీ తీసేశాడు. ఆరో నిమిషంలో కల్నల్ తీసేశాడు. ఇందుమతి పదకొండు నిమిషాలు ఉంచుకుంది. తీసేటప్పుడు పెదవి కొరుక్కుంటోంది.

"మనం ఓర్పు పరీక్షకు రాలేదు ఇక్కడికి," అన్నాడు కల్నల్ మణికట్టు రుద్దుకుంటూ.

"వాళ్ళు దానికే వచ్చినామనుకున్నారు సార్. మీరు ఎందుకు తీసేసినారు?"

"ఎందుకేమిటి? కాలుతోంది."

"తీసేస్తే మిమ్మల్ని వాపసు పంపేవాళ్ళు లేరు సార్. అందుకే తీసినారు."

హెడ్‌క్వార్టర్స్ అధికారి గడియారం చూసుకున్నాడు. ఓబులేసు ఆపలేదు.

"వాపసు నియమం ఉన్నన్నాళ్ళూ ఈ పట్టీ కుర్రాళ్ళకు కట్టొద్దు సార్. కట్టాలనుకుంటే విజిల్ ఎవరి దగ్గరుందో వాళ్ళకు కట్టండి. పరుగు ఆపగలిగినోడికి తగలాల వేడి. ఇంకో సంగతి. నా కాగితంలో ఆఖరి గడి తప్పు. నీళ్ళ దగ్గర ఆ పిల్లోడు నా ఎదురుగా నిలబడినాడు, వాని పేరు నేను చూడలేదు. అది కూడా రాయండి. నా పేరుతోనే రాయండి."

"ఓబులేసు గారూ," అన్నాడు కల్నల్, ఓపిక తెచ్చుకుని. "ఒక ఘటనకు ఇద్దరు బాధ్యులుంటే నివేదిక నిలబడదు. ఒకరి పేరు చాలు."

"ముగ్గురం ఉన్నాం సార్. ఐసు తొట్లు కూడా లెక్కేస్తే ఇంకా ఎక్కువ."

కల్నల్ ఫైలు మూశాడు.

ఓబులేసు సంతకం పెట్టలేదు. ఆ ఖాళీలో ఇందుమతి పెట్టింది. ప్రయోగశాల తరపున ఎవరిదైనా చాలునట. బయటికొచ్చాక వరండాలో ఆమె ఏదో చెప్పబోయింది.

"వినను మేడం," అన్నాడు. ఇప్పటికీ విననేలేదు.

*

సుందర్రావు రేకు పెట్టె పట్టుకుని గేటు దగ్గర బస్సు కోసం నిలబడ్డాడు. ఓబులేసు పోయి పక్కన నిలబడ్డాడు. ఒక మాట చెప్పడానికే వచ్చాడు. కుర్రాడే అడిగాడు.

"వాడికి తగ్గిందా సార్? నాను ఓర్చినందుకు, కొంచెమైనా?"

అబద్ధం తేలిక. బస్సు మలుపు తిరిగి వస్తోంది.

"లేదప్పా. అది అట్ల పని చెయ్యదు. పక్కవానికి తెలియడానికే అది. ఆ రోజే మీకందరికీ నేను చెప్పాల్సింది. ఊరుకున్నా."

సుందర్రావు మణికట్టు వైపు చూసుకున్నాడు. పెట్టె ఇంకో చేతికి మార్చుకుని బస్సెక్కాడు. నమస్కారం పెట్టలేదు. పెట్టకపోవడమే ఓబులేసుకు న్యాయంగా తోచింది.

మర్నాడు మధ్యాహ్నం గఫూర్ శిబిరంలో ఓబులేసు పనిగదికి వచ్చి, ఎదురుగా కూర్చుని, ఎడమ చెయ్యి బల్ల మీద చాపాడు.

"కట్టన్నా."

"ఏంది?"

"బోర్డులో నువ్వన్న మాట శిబిరమంతా తెలుసు. విజిల్ ఉన్నోడికి కట్టాలన్నావంట. విజిల్ నా మెడలో ఉంది."

"ముప్పై ఎనిమిది మంది వేడి ఒక్క చేతికి ఎట్ల వస్తుంది?"

"అందరిలో ఎవడు ఎక్కువ కాలుతాంటే వానిది రానీ. చెయ్యలేవా? ముప్పై ఏండ్లు ఏం పీకినావు మరి?"

ఓబులేసు చాలా రోజుల తర్వాత నవ్వబోయి మానుకున్నాడు. "ఆర్డరు లేదు గఫూర్. పరుగు మధ్యలో ఆపితే నిన్నే వాపసు పంపుతాడు."

"నన్ను యాడికి పంపుతాడన్నా? ఇరవై రెండేండ్ల సర్వీసు. ఇంటికి పంపుతాడు. ఇంట్లో ఏసీ ఉంది." విజిల్ వేళ్ళతో తిప్పాడు. "ఆ పిల్లోడు హో హో అంటాంటే నేనే ముందు విన్నా. అంతకు ముందు రెండు కిలోమీటర్లు వాని వెనకాలే ఉరికినా. తొందరగా పదరా, నీయమ్మ, అని తిట్టుకుంటా ఉరికినా. నాకు తెలియలే."

ఓబులేసు పట్టీ తెరిచాడు. లోపలి తీగలు మార్చడానికి సాయంత్రం దాకా పట్టింది. గఫూర్ కదలకుండా కూర్చున్నాడు. లేచేటప్పుడు మాత్రం అడిగాడు.

"ఎంతసేపు ఓర్చుకోవాలన్నా?"

"ఓర్చుకోవద్దు. తగిలిన వెంటనే ఊదు. అది ఒక్కటీ గుర్తుపెట్టుకో. ఓర్చుకోవద్దు."

మర్నాడు ఆరు గంటలకు పరుగు మొదలైంది. బల్ల మీద ఆ పొద్దుటి కాగితాలు ఉన్నాయి. ఓబులేసు అన్నిటి మీదా ఆఖరి గడిని కలంతో కొట్టేస్తూ కూర్చున్నాడు. కొట్టేసినంత మాత్రాన ఏమీ మారదు. జూన్‌లో ఆరువందల జతలు పోతాయి. ఆరువందల చోట్ల ఎవడో ఒకడు పళ్ళు బిగించి ఓర్చుకుంటాడు. ఆపడానికి ఆయన రాసిన ఉత్తరాలు మూడు, జవాబులు లేవు. నాలుగోది రాయాలి.

ఆరూ యాభై అయిదుకు కొండ అవతల నుంచి విజిల్ వినిపించింది. పొడుగ్గా, ఆగకుండా. ఆగమనే విజిల్. బూట్ల చప్పుడు ముందు తడబడి, తర్వాత నిలిచిపోయింది.

బల్ల మీద ఫోను మోగింది. కల్నల్ నంబరు. ఓబులేసు మోగనిచ్చాడు.

ఎవడి వేడో ఆయనకు ఇంకా తెలియదు. ఎవడో ఒకడిది. ఇంకా కాళ్ళ మీద నిలబడి ఉన్నవాడిది.